నాట్లకు బీహార్ జట్లు వచ్చాక మన ఊళ్లో కైకిలి (కూలి) పెరిగిందా, తగ్గిందా?

యాసంగి
అందరికీ నమస్తే. మాది జగిత్యాల జిల్లా, కోరుట్ల దగ్గర ఊరు. ఈ యాసంగికి మా ఊళ్లో ఎక్కువ పొలాల్లో నాట్లు వేసింది బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన జట్లే. ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుంటారు. తెల్లారేసరికి మడిలో ఉంటారు. నారు పీకడం, కట్టలు మోయడం, నాటడం అంతా వాళ్లే చూసుకుంటారు. రైతు గట్టు మీద నిలబడితే చాలు.

మా నాన్నకు ఇది బాగానే ఉంది. పక్కింటి పెద్దమ్మ మాత్రం మండిపడుతోంది. చాలా ఏళ్లుగా ఊళ్లో నాట్ల ముఠా నడిపింది ఆమే. ఈసారి ఆమె ముఠాకు పిలుపులు సగం కూడా రాలేదు. "బయటోళ్లు వచ్చి మన కైకిలి పడగొట్టిండ్రు" అంటుంది. ఆమె కొడుకులిద్దరూ దుబాయిలో ఉన్నారు, అది వేరే సంగతి.

వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద తిట్లు తప్ప లెక్క కనబడటం లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. వలస వచ్చినవాళ్ల వల్ల కూలి నిజంగా తగ్గుతుందా? లేక వేరే కారణాలు ఉండి, కళ్లెదుట కనిపించేది వాళ్లే కాబట్టి వాళ్లనే అంటున్నామా?

మిల్లు గుమస్తా
తమ్ముడూ, 2020 లాక్‌డౌన్ గుర్తుందా? మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. దాని వీడియోలు అందరూ చూశారు. వారం తిరక్కుండానే, మే 8న, బీహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలు రైలెక్కి అదే లింగంపల్లిలో దిగారు. ఈ రెండో రైలును చాలామంది మర్చిపోయారు. దేశమంతా ఇళ్లకు వెళ్లిపోతుంటే వాళ్లు ఎదురు ఎందుకొచ్చారు? వడ్లు కల్లాల్లో ఉన్నాయి, మిల్లుల్లో లారీలు ఖాళీ చేసే దిక్కు లేదు. మన ప్రభుత్వమే మాట్లాడి రప్పించింది.

బస్తాలు మోసే పనికి మన ఊరి పిల్లలు రావడం ఎప్పుడో మానేశారు. ఇంటర్ చదివినవాడు మిల్లు గేటు దగ్గర నిలబడడు, గల్ఫ్‌కైనా పోతాడు, హైదరాబాద్‌లో బైక్ మీద డెలివరీ అయినా చేస్తాడు. ఖాళీ అయిన చోటికే వాళ్లు వచ్చారు. ఎవరి కంచంలో కూడూ లాక్కోలేదు.

సిరిసిల్ల బిడ్డ
అన్నా, మీ మిల్లు సంగతి ఒప్పుకుంటా. కానీ నాట్లను దాంతో కలపకండి. బస్తాల పని మగవాళ్లది, వాళ్లు వదిలేసి పోయారు, ఖాళీ అయింది. నాటు వేయడం ఆడవాళ్ల పని. ఆ ఆడవాళ్లు ఎక్కడికీ పోలేదు, ఊళ్లోనే ఉన్నారు. మొగుడు మస్కట్‌లో ఉన్నా, బొంబాయిలో ఉన్నా, వాళ్లు మాత్రం ఇక్కడే.

మన మగవాళ్లు నడుం వంచి నాటు వేయడం నామోషీ అనుకున్నారు. ఇప్పుడు బీహార్ మగపిల్లలు ఆ నామోషీ లేకుండా చేస్తున్నారు. కాబట్టి పోటీ ఎవరికి వచ్చింది? భూమి లేని, ఊరు దాటలేని, నలభై యాభై దాటిన ఆడవాళ్లకు. ఊరి మొత్తానికి సగటు తీస్తే ఏమీ కాలేదనిపిస్తుంది.

ఇంకో మాట. కైకిలి రేటు తగ్గలేదు, ఏ ఊళ్లోనైనా అడగండి. తగ్గింది రోజులు. ముందు సీజన్‌కు నెల పైగా నాట్లు దొరికేవి. ఇప్పుడు జట్లు దిగితే ఊరు మొత్తం పది రోజుల్లో అయిపోతుంది. రేటు పెరిగి రోజులు తగ్గితే చేతికొచ్చేది పెరిగినట్టా, తగ్గినట్టా?

యాసంగి
ఇది నేను ఆలోచించని కోణం అక్కా. పెద్దమ్మ కూడా "పైసల్" అనదు, "పని లేదు" అంటుంది ఎప్పుడూ.

దమ్మామ్ రిటర్న్
నేను సౌదీలో చాలా ఏళ్లు చేసి వచ్చినవాడిని. ఈ తగువు వింటుంటే నవ్వొస్తోంది, ఎందుకంటే అక్కడ బీహారోళ్లం మనమే. మేం వెళ్లిన కొత్తలో మేస్త్రీ పనికి ఒక జీతం ఉండేది. తర్వాత నేపాల్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు ఇంకా తక్కువకు ఒప్పుకుని వచ్చారు. మా క్యాంపులో మనవాళ్లు వాళ్లను తిట్టిన తిట్లే ఇప్పుడు ఊళ్లో వింటున్నా. అరబ్బీవాడు మాత్రం ఎవరినీ తిట్టడు, తక్కువకు వచ్చినవాడికి అకామా (అక్కడ ఉండి పనిచేసే పర్మిట్) కొట్టిస్తాడు.

మనిషి తక్కువకు ఎందుకు ఒప్పుకుంటాడు? అప్పు. వీసాకు ఏజెంటు తీసుకోవాల్సింది చట్టం ప్రకారం 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. మన వైపు లక్ష దాటకుండా వెళ్లినవాడు నాకు తెలిసి లేడు. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి వెళ్తాడు. దిగాక జీతం చెప్పిన దాంట్లో సగమే అంటే తిరిగి రాగలడా? రాలేడు. కొందరు కంపెనీ వదిలి ఖల్లివెల్లి అయిపోతారు, వాళ్ల కూలి ఇంకా తక్కువ, ఎందుకంటే పోలీసుల భయం. జీతం పడిపోయేది మనిషి బయటివాడు అయినందుకు కాదు, నోరెత్తలేని స్థితిలో ఉన్నందుకు.

దీనికి మన సర్కారు చేసిన సాయం కూడా వినండి. 2020 సెప్టెంబరులో, కరోనాతో ఉద్యోగాలు పోతున్నాయని, గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లకు ఉండాల్సిన కనీస జీతాన్ని కేంద్రమే 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తగ్గిస్తే ఉద్యోగాలు నిలుస్తాయట. తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక, 2021లో పాత రేట్లే మళ్లీ తెచ్చారు. ఈలోగా సంతకాలు పెట్టి విమానం ఎక్కినవాళ్ల గతి ఏమిటో ఎవరూ అడగలేదు.

ఖతార్‌లో మాత్రం 2021 మార్చి నుంచి ఏ దేశంవాడికైనా మూల జీతం 1,000 రియాల్ కంటే తగ్గకూడదు. తిండి, వసతి కంపెనీ చూసుకోకపోతే వాటికి వేరే ఇవ్వాలి. అది గొప్ప జీతమని అనను. కానీ నేపాలీ, తెలుగువాడు అని వేలంపాట పెట్టుకుని జీతం ఇంకా కిందికి దిగకుండా అక్కడ ఒక అడుగు పలక పడింది.

రచ్చబండ66
ఇదంతా సరే, వచ్చినవాళ్లలో దొంగలెవరో దొరలెవరో తెలుస్తుందా? ఆధార్ కూడా చూడకుండా [ఈ పోస్టులో కొంత భాగం తొలగించబడింది — అడ్మిన్]

అడ్మిన్
చర్చ కూలి గురించి, పని గురించి. ఒక రాష్ట్రం వాళ్లందరినీ కలిపి తిట్టే పోస్టులు ఉండవు. రచ్చబండ గారూ, ఇది రెండో హెచ్చరిక.

ప్లేనో పంతులు
టెక్సాస్ నుంచి. ఆర్థికశాస్త్రం చదువు చెప్పే పని కాబట్టి ఒక పాత కథ చెప్తాను, మీ నాట్లకు బాగా దగ్గరగా ఉంటుంది.

అమెరికాలో 1942 నుంచి బ్రసేరో అని ఒక ఏర్పాటు ఉండేది. మెక్సికో నుంచి మగ కూలీలు సీజన్‌కు వచ్చి పొలం పని చేసి వెళ్లేవాళ్లు. వీళ్ల వల్లే అమెరికా కూలీల రేట్లు పెరగడం లేదని గొడవ మొదలై, 1964 చివరికి దాన్ని ఎత్తేశారు. మెక్సికో కూలీలు పోతే అమెరికా కూలీకి రేటు పెరగాలి కదా? తర్వాత చాలాకాలానికి మైకేల్ క్లెమెన్స్ అనే ఆర్థికవేత్త, ఇంకో ఇద్దరు ఆ రికార్డులన్నీ తీసి చూశారు. బ్రసేరోలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో, అసలు లేని రాష్ట్రాల్లో కూలి ఒకేలా కదిలింది. వాళ్లను పంపేసినందుకు ప్రత్యేకంగా పెరిగిందేమీ లేదు. ఎందుకంటే రైతులు లోకల్ కూలీలను ఎక్కువ రేటుకు పిలవలేదు, మిషన్లు కొన్నారు. కాలిఫోర్నియాలో టమాటా కోత కొద్ది ఏళ్లలోనే యంత్రాల మీదికి మారింది. మిషన్ దొరకని కొన్ని పంటలను తగ్గించేశారు.

కాబట్టి యాసంగి గారు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: రేపు బీహార్ జట్లు రాకపోతే మీ నాన్నగారు పెద్దమ్మను పిలుస్తారా, ఇంకేదైనా చేస్తారా?

యాసంగి
సార్, మా నాన్నను అడగక్కర్లేదు. ఆయన పోయిన వానాకాలమే రెండెకరాల్లో వెదజల్లే పద్ధతి చూశాడు. దమ్ము చేసి మొలక విత్తనం చల్లేయడమే, నారు లేదు, నాటు లేదు. కలుపు ఎక్కువ వచ్చింది, మందు రెండుసార్లు కొట్టాడు. ఈసారి జట్టు దొరికింది కాబట్టి నాటు వేయించాడు. దొరక్కపోతే మళ్లీ చల్లేవాడే.

సిరిసిల్ల బిడ్డ
పంతులు గారూ, మీ కథలో ఒక పాత్ర లేదు. బ్రసేరోలతో పోటీ పడాల్సిన అమెరికా కూలీలు వేరే ఊరికి, వేరే పనికి పోగలరు. మా అమ్మ ఎక్కడికి పోతుంది? నాటు లేనప్పుడు ఆమె చేతిలో ఉన్నది బీడీల చాట ఒక్కటే. అదీ ముందులా లేదు. 2016లో కట్టల మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక, 2017లో 28 శాతం జీఎస్టీ, దాంతో నెలకు దొరికే పని రోజులు పడిపోయాయి. 2025 సెప్టెంబరులో బీడీల మీద జీఎస్టీ 18కి తగ్గించాలని నిర్ణయించారు, అది అమల్లోకి వచ్చింది 2026 ఫిబ్రవరిలో. మా అమ్మకు ఆకు, తంబాకు ఎక్కువేమీ రాలేదు ఇంకా. బీడీ మంచిదని నేను అనడం లేదు, అది మానేస్తే బదులు ఏముందని అడుగుతున్నా.

ప్లేనో పంతులు
న్యాయమైన అభ్యంతరం అమ్మా. ఈ రంగంలో అసలు తగువు అక్కడే ఉంది. 1980లో క్యూబా నుంచి లక్షా పాతిక వేల మంది మరియెల్ రేవు గుండా పడవల్లో ఫ్లోరిడాకు వచ్చేశారు. మయామీలో పనిచేసేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా 7 శాతం పెరిగింది. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త లెక్క చూసి స్థానికుల కూలి తగ్గలేదన్నారు. 2021లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. ఇంకో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ మాత్రం హైస్కూలు కూడా పూర్తి చేయని మగవాళ్లను విడిగా చూడండి, వాళ్ల కూలి బాగా పడిందన్నారు. అంత చిన్న గుంపు మీద తీసిన లెక్కను నమ్మలేమని ఇంకొందరు. ముప్ఫై ఏళ్లు దాటినా తెగలేదు. మీరు అడుగుతున్నదీ అదే: ఎవరిని విడిగా తీసి చూస్తున్నాం?

మా దగ్గర ఇప్పుడు తగువు హెచ్-1బి వీసా మీద. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు మన తెలుగు గ్రూపుల్లో అందరూ కార్డ్ శిష్యులైపోయారు. 'మేం ఎవరి ఉద్యోగాలూ తీసుకోలేదు' అని. అదే మనుషులు ఊరికి ఫోన్ చేసి బీహార్ వాళ్ల గురించి ఏమంటారో మీకు తెలుసు.

ఆకివీడు చెరువు
గోదావరి జిల్లా నుంచి అండీ. మీరంతా మనుషుల రాకపోకల గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గర ఒక్క మనిషి కొత్తగా రాకుండా, ఒక్క మనిషి పోకుండా కూలి పడిపోయింది. 2025 ఆగస్టులో అమెరికావాడు మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాడు. రొయ్యకు దాని పైన యాంటీ డంపింగ్ సుంకం అదనం. మన రొయ్యకు అన్నిటికంటే పెద్ద గిరాకీ అమెరికాదే, దేశంలో రొయ్య ఎక్కువ పండించేది ఆంధ్రానే. ఈక్వెడార్ వాడికి అప్పుడు మనకంటే చాలా తక్కువ సుంకం ఉండేది, దూరమూ తక్కువ.

ఏమైందో వరసగా చెప్తాను. ముందు కొనేవాళ్లు కౌంటుకు (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) ఇంత అని కేజీ రేటు తగ్గించారు. పెద్ద సైజు రొయ్య అమెరికాకే ఎక్కువ పోతుంది కాబట్టి ఎక్కువ దెబ్బ దానికే. రైతులు కొందరు పట్టుబడి వాయిదా వేశారు, కొందరు చెరువు ఎండబెట్టేశారు. చెరువు ఎండితే కాపలా ఉండే కుర్రాడికి పని లేదు, మేత వేసేవాడికి లేదు, వల పట్టే ముఠాకు లేదు, ఐస్ లారీకి లేదు. ఆఖర్న ప్లాంటులో తల తీసి, ఒలిచే ఆడవాళ్ల షిఫ్టులు తగ్గాయి.

ఆ ప్లాంట్లలో ఒడిశా నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయిలు ఉంటారు. మా ఊరి ఆడవాళ్లు ఆటోల్లో వెళ్లి వస్తారు. నేను చూసిన ఒక చోట, సరుకు తగ్గగానే ముందు ఆటోలకు 'రేపు రావద్దు' అని కబురు వచ్చింది. హాస్టల్ వాళ్లకు ఎలాగూ తిండి పెట్టాలి కదా, పని వాళ్లకే ఇస్తారు. ఇక మా వాళ్లు ఎవరి మీద కోపం తెచ్చుకున్నారో చెప్పక్కర్లేదు. సుంకం వేసినవాడు కనబడడు, ఒడిశా పిల్ల కనబడుతుంది.

మిల్లు గుమస్తా
చెరువు గారు చెప్పింది మాకూ తగిలింది. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2024 సెప్టెంబరు దాకా పోర్టుకు పోయే లోడ్లు తగ్గి హమాలీల రోజులు తగ్గాయి. బస్తా రేటు మాత్రం అదే. సిరిసిల్ల అక్క అన్నట్టు, తెగేది రోజుల దగ్గరే.

పాలమూరు లేబర్
ఒకప్పుడు దేశంలో ఏ ప్రాజెక్టు కట్టినా మట్టి మోసింది మా పాలమూరు వాళ్లే. అప్పుడు ఆ ఊళ్లవాళ్లు మమ్మల్ని ఏమన్నారో మా తాత చెప్పేవాడు. ఇప్పుడు కాల్వల నీళ్లు వచ్చి మాకూ నాట్లు పెరిగాయి, మా దగ్గరికీ బయటి జట్లు వస్తున్నాయి.

కానీ అసలు మార్పు ఇంట్లో వచ్చింది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మా తాతకు ఆరుగురు పిల్లలు, మా నాన్నకు ముగ్గురు, నాకు ఇద్దరు. తెలంగాణలో ఒక ఆడమనిషికి సగటున 1.8 మంది పిల్లలు, ఆంధ్రలో 1.7. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది. ఆ ఇద్దరినీ చదివిస్తాం, మట్టి ముట్టనివ్వం. ముందు నాట్లకు బదుళ్లు ఉండేవి. మీ పొలంలో మేం, మా పొలంలో మీరు, పైసలతో పనే లేదు. ఇంటికి ఐదారుగురు మనుషులు ఉంటేనే బదులు సాగుతుంది. ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లు మిగిలాక ఎవరు ఎవరికి బదులు? అన్నదమ్ములు వేరుపడగానే ప్రతి ఇల్లూ కూలి పెట్టుకునే ఇల్లైంది. కూలి రేటు పెరగడం అక్కడే మొదలైంది. బీహార్ జట్లు ఆ తర్వాత వచ్చాయి.

కొత్తకోడలు
నేనూ ఒకటి చెప్పొచ్చా? మాది నిజామాబాద్ జిల్లా. మా ఆయన దోహాలో. పెళ్లికి ముందు మా అమ్మతో నాట్లకు, పసుపుకు పోయేదాన్ని. ఇక్కడికి వచ్చాక అత్తయ్య మొదటి మాటే, దుబాయి పైసలు వచ్చే ఇంటి కోడలు కైకిలికి పోతే నలుగురూ ఏమనుకుంటారు అని. మామయ్యకు పక్షవాతం, ఇద్దరు చిన్నపిల్లలు. పొద్దున నాలుగింటికి లేస్తే రాత్రి పది. నేను పనిచేయడం లేదని సర్వేలో రాసుకుని పోయారు.

అందుకే ఊళ్లో ఆడకూలీలు దొరకడం లేదంటే నాకు ఆశ్చర్యం లేదు. నాలాంటి వాళ్లు ఇళ్లలో ఉన్నారు. మా వీధిలోనే ఐదారుగురు. సౌదీలో అయితే కుటుంబాన్ని తీసుకెళ్దామన్నా 2017 నుంచి తలకు ఇంత అని నెల నెలా కట్టాలి, లేబర్ వీసావాడికి అసలు ఆ మాటే లేదు. కాబట్టి ఆయన అక్కడ, మేం ఇక్కడ.

ప్లేనో పంతులు
కొత్తకోడలు గారి పోస్టుకు ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్ మంచి శ్రోత అయ్యేవారు. ఇంటి ఆదాయం కాస్త పెరిగినప్పుడు ఆడవాళ్లు కూలి పని నుంచి వెనక్కి వస్తారని, చదువు, ఆఫీసు ఉద్యోగాలు పెరిగాక మళ్లీ బయటికి వస్తారని ఆమె పాత రికార్డుల నుంచి చూపించారు. 2023లో నోబెల్ వచ్చింది.

మన దేశంలో కేంద్రం సర్వే ప్రకారం పదిహేనేళ్లు నిండిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు 2017-18లో నూటికి 23.3, 2023-24లో 41.7. వినడానికి పెద్ద గెంతు. అందులో చాలా భాగం పల్లెల్లో సొంత పొలంలో, సొంత కొట్లో సాయం. జీతం చీటీ ఉన్న ఉద్యోగాలు కావు. పాలమూరు గారి లెక్క దీనికి సరిపోతుంది: మనుషులు తగ్గిన ఇంట్లో ఆడవాళ్లు సొంత పొలానికే సరిపోతున్నారు.

దమ్మామ్ రిటర్న్
చెల్లీ, దోహాలో ఆయనకు మూల జీతం 1,000 రియాల్‌కు తగ్గకుండా బ్యాంకులో పడుతోందో లేదో అడుగు. తక్కువ పడుతుంటే అక్కడి లేబర్ శాఖకు ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. ఒప్పందం కాగితం ఫొటో మీ దగ్గర ఒకటి ఉంచుకోండి.

కొత్తకోడలు
థ్యాంక్స్ అన్నా. రాత్రికి అడుగుతా.

యాసంగి
ఇంకో విషయం. డిసెంబరు 2025లో ఉపాధి హామీ స్థానంలో కొత్త చట్టం వచ్చింది కదా. 125 రోజులు అన్నారు, కానీ నాట్లు, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపేయొచ్చని రాశారు. మా నాన్న, ఆయన స్నేహితులు భలే మంచిదంటున్నారు, అప్పుడు కూలీలు పొలాలకు వస్తారని. 2025-26లో రోజుకు 307 రూపాయలు ఉన్న పని ఆపితేనే వస్తారా?

సిరిసిల్ల బిడ్డ
అదే చెప్తున్నా తమ్ముడూ. నాట్లప్పుడు ఉపాధి పని ఆపుతారు, నాట్లు జట్లకు ఇస్తారు. రెండు వైపులా తలుపు వేసి ఆడవాళ్లను ఎటు పొమ్మంటారు? 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైనప్పుడు ఆడవాళ్లకు దాంతో వచ్చిన లాభం ఆ పైసలు ఒక్కటే కాదు. 'ఇంత ఇస్తేనే వస్తాం, లేకపోతే ఉపాధికి పోతాం' అని రైతుతో అనగలిగారు. సరిగ్గా బేరం కుదిరే రోజుల్లోనే ఆ మాట అనడానికి లేకుండా చేస్తున్నారు.

పాలమూరు లేబర్
రైతు వైపు కూడా చూడాలి అక్కా. మందులు, డీజిల్, ట్రాక్టర్ కిరాయి అన్నీ పెరిగాయి. మద్దతు ధర ఢిల్లీలో రాస్తారు. రైతు బేరం ఆడగలిగేది కూలి దగ్గరే.

సిరిసిల్ల బిడ్డ
చూస్తున్నా అన్నా. అందుకే అక్కడే ఆడతాడు.

మిల్లు గుమస్తా
యాసంగి తమ్ముడూ, మీ పెద్దమ్మ ముఠా రోజు కూలి వదిలేసి గుత్తకు మాట్లాడుకోవచ్చు కదా? జట్లకు పని దొరికేది తక్కువ అడుగుతున్నారని మాత్రమే కాదు. రైతుకు మనుషుల్ని లెక్కపెట్టే టెన్షన్ ఉండదు.

సిరిసిల్ల బిడ్డ
మా దగ్గర రెండు ముఠాలు చేశాయి. నాటడం వరకు జట్లతో సమానంగా వచ్చారు. ఇబ్బంది నారు దగ్గర. తడి నారు కట్టలు మడి నుంచి మడికి మోయాలి. యాభై ఏళ్ల ఆడవాళ్లు అది మోస్తే మర్నాడు లేవలేరు. మోయడానికి మగమనిషి ఇద్దరు ఉంటే గుత్త గిట్టుబాటు అవుతుంది. ఆ ఇద్దరు ఊళ్లో ఉంటే కదా.

యాసంగి
ఇప్పుడే పెద్దమ్మతో మాట్లాడి వచ్చా. ప్రస్తుతం ముఠా పసుపు తవ్వకాలకు పోతోంది, వానాకాలం నాట్లకు గుత్త పట్టడానికి సరే అంది. నారు మోయడానికి నేనూ, మా నాన్నా వస్తామన్నాం. మా నాన్న ఒక్క షరతు పెట్టాడు: రేటు మాత్రం బీహార్ జట్టు రేటే. "మోత నీదైతే రేటు నాది" అని పెద్దమ్మ అక్కడే మొదలుపెట్టింది. ఇంకా తేలలేదు.